పాఠం – 17 : చావు కబురు

17.1 ఉపోద్ఘాతం

కిందటి పాఠాలలో సెలవు చీటీ రాయడం, దరఖాస్తు నింపడం, ఫోనులో వివరాలు అడిగి తెలుసుకోవడం నేర్చుకొన్నారు. ఈ పాఠంలో మనలో ఎవరమూ చెప్పాలని కోరుకోని ఒక కబురు గురించి చదువుతారు. ఒక వృద్ధాశ్రమంలోనో ఆసుపత్రిలోనో ఉన్న పెద్దవారు చనిపోయారు. ఆ సంగతి దూరాన ఉన్న వారి కొడుక్కో కూతురుకో తెలియజేయాలి. చెప్పవలసినది మీరే. ఏమని మొదలు పెడతారు?

"చావు కబురు చల్లగా చెప్పినట్లు" అనే సామెత మీరు వినే ఉంటారు. వెంటనే చెప్పవలసిన మాటను తీరికగా, ఏమీ పట్టనట్టు చెప్పేవారిని చూసి మన పెద్దలు ఈ మాట అనేవారు. ఇందులో రెండు తప్పులు ఉన్నాయి. ఒకటి ఆలస్యం, రెండవది గొంతులో చలనం లేకపోవడం. ఈ పాఠం చదివాక ఆ రెండూ లేకుండా కబురు చెప్పగలుగుతారు. చెప్పే ముందు ఏమేమి సరిచూసుకోవాలో, చెప్పాక ఏ కాగితాలు పుట్టాలో కూడా తెలుసుకొంటారు.

17.2 రాయ్‌పూర్ నుంచి ఎంత దూరం?

మన అభ్యాసకులలో కొందరు ఛత్తీస్‌గఢ్‌లో, ముఖ్యంగా రాయ్‌పూర్, భిలాయి ప్రాంతాలలో ఉంటున్న తెలుగువారు. విజయనగరం – రాయ్‌పూర్ రైలుమార్గం 1931లో పూర్తయింది. ఆ దారి వెంట శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి కుటుంబాలు రైల్వే కొలువులకు తరలి వెళ్ళాయి. తరువాత భిలాయి ఉక్కు కర్మాగారం మరికొందరిని పిలిచింది. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడి రాయ్‌పూర్ రాజధాని అయింది. ఆనాడు కొలువులకు వెళ్ళినవారి పిల్లలు, మనవలు ఈనాడు విశాఖపట్నంలోనో, హైదరాబాదులోనో, ఇంకా దూరాననో ఉండవచ్చు. పెద్దవారు మాత్రం తమకు అలవాటైన ఊళ్ళోనే ఉండిపోతారు. రాయ్‌పూర్ నుంచి విశాఖకు రైలులో దాదాపు ఒక రాత్రి ప్రయాణం. కబురు ఒక గంట ఆలస్యమైతే బండి తప్పవచ్చు. బండి తప్పితే ఆఖరిచూపు తప్పవచ్చు.

ఒక మాట ఇక్కడే స్పష్టం చేసుకొందాం. మన దేశంలో "నర్సింగ్ హోమ్" అంటే చిన్న ప్రైవేటు ఆసుపత్రి. అమెరికా వంటి దేశాలలో అదే మాటకు వృద్ధులు సంవత్సరాల తరబడి ఉండి సేవలు పొందే చోటు అని అర్థం. ఈ పాఠంలో మనం రెండవ రకం చోటు గురించే ఎక్కువగా మాట్లాడుకొంటున్నాం. దానిని "ఆశ్రమం" అందాం.

17.3 చట్టం చెప్పేది, చెప్పనిది

జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. మరణం జరిగిన 21 రోజులలోపు రిజిస్ట్రారుకు తెలియజేయాలి. ఆసుపత్రిలోగాని నర్సింగ్ హోములోగాని చనిపోతే అక్కడి బాధ్యత గల వైద్యాధికారి లేక ఆయన నియమించిన వ్యక్తి తెలియజేయాలి. ఇంట్లో చనిపోతే ఇంటి పెద్ద తెలియజేయాలి. సత్రం, చౌల్ట్రీ, ధర్మశాల, హాస్టలు, ఆఖరికి కల్లు దుకాణంలో చనిపోయినా, ఆ చోటు ఎవరి ఆధీనంలో ఉందో వారిదే బాధ్యత. (కల్లు దుకాణం పేరు చట్టంలోనే ఉంది, నేను కలిపినది కాదు.) వృద్ధాశ్రమం అన్న మాట ఈ జాబితాలో విడిగా కనిపించదు. అయినా ఆశ్రమం నడిపేవారు నమోదు పని తమదేనని భావించడమే సరైన పద్ధతి.

21 రోజులు దాటితే 30 రోజుల వరకు ఆలస్య రుసుముతో నమోదు చేస్తారు. ఆ తరువాత సంవత్సరం లోపల అయితే అధికారి రాతపూర్వక అనుమతి కావాలి. సంవత్సరం దాటితే మెజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. 2023లో ఈ చట్టాన్ని సవరించారు. ఆ సవరణ 2023 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం వైద్య సంస్థలో చనిపోయినప్పుడు మరణ కారణం తెలిపే ధ్రువపత్రాన్ని రిజిస్ట్రారుకు పంపడమే గాక, ఒక ప్రతిని దగ్గరి బంధువుకు కూడా ఉచితంగా ఇవ్వాలి.

ఇంతవరకు చదివాక మీకొక సందేహం రావాలి. రిజిస్ట్రారుకు చెప్పడానికి 21 రోజుల గడువు ఉంది. మరి కొడుక్కి ఎన్ని గంటలలో చెప్పాలి? ఈ చట్టంలో ఆ మాట లేదు. కొడుక్కి ఏ మాటలతో చెప్పాలో కూడా లేదు. అది కబురు చెప్పే మనిషికే వదిలివేయబడింది. అందుకే దీనిని మనం చట్టపాఠంగా గాక భాషాపాఠంగా చదువుతున్నాం.

పాఠగత ప్రశ్నలు – 1
(అ) ధర్మశాలలో ఒకరు చనిపోతే రిజిస్ట్రారుకు ఎవరు తెలియజేయాలి?
(ఆ) మరణం జరిగిన 25వ రోజున నమోదుకు వెళితే ఏమి చెల్లించాలి?

17.4 "సీరియస్, వెంటనే బయలుదేరండి"

మీ ఇంట్లో పెద్దవారిని అడగండి. తంతి వచ్చిందంటే ఎలా ఉండేదో చెబుతారు. తంతి జవాను సైకిలు గుమ్మం ముందు ఆగితే చాలు, విప్పి చదవకముందే ఇంట్లో ఏడుపులు మొదలయ్యేవి. అందులో ఉండేది మూడు నాలుగు మాటలే. "తండ్రి సీరియస్, వెంటనే బయలుదేరు." మాటకు ఇంత అని రుసుము కాబట్టి అంతకంటె రాసేవారు కాదు. ఆ "సీరియస్" అన్న మాటకు చాలాసార్లు "చనిపోయారు" అనే అర్థం. పంపేవారికీ ఆ సంగతి తెలుసు, అందుకొనేవారికీ సగం తెలుసు. మన దేశంలో తంతి సేవ 2013 జూలైలో ముగిసింది. అలవాటు మాత్రం ముగియలేదు. ఇప్పుడు ఫోను చేతిలో ఉన్నా చాలామంది "కొంచెం సీరియస్‌గా ఉంది, మీరు రండి" అనే అంటారు.

ఇది దయతో చేసే పనే. ఒంటరిగా రాత్రంతా రైలులో కూర్చొని రావలసిన మనిషికి నిజం చెబితే ఏమవుతాడో అన్న భయం అందులో ఉంది. ఆ భయాన్ని తేలికగా తీసివేయవద్దు. కాని రెండవ వైపు కూడా చూడండి. ఆ మనిషి రాత్రంతా ఆశతో వస్తాడు. ఏ ఆసుపత్రిలో చేర్చాలి, ఎంత డబ్బు తేవాలి అని లెక్కలు వేసుకొంటూ వస్తాడు. అక్కచెల్లెళ్ళకు "నేను చూసి చెబుతాను, మీరు ఆగండి" అంటాడు. తెల్లవారి గుమ్మంలో దిగేసరికి అసలు సంగతి తెలుస్తుంది. చెల్లెలు రాలేకపోయింది, ఆమెను ఆపినది తానే! ఆ బాధ చావు తెచ్చినది కాదు, కబురు తెచ్చినది.

ఇంకొకటి. నేత్రదానం చేయాలంటే చనిపోయిన ఆరు గంటల లోపల కళ్ళు సేకరించాలి. అందుకు కుటుంబం అనుమతి కావాలి. "సీరియస్" అని మాత్రమే విన్న కొడుకు ఆ అనుమతి ఎలా ఇస్తాడు? ఎదురు చూడాలా, అంత్యక్రియలు జరిపించాలా అన్న నిర్ణయమూ అంతే. తంతికి మారుమాట చెప్పే వీలు లేదు. ఫోనుకు ఉంది. కాబట్టి నిజం చెప్పి, ఆ మనిషి పక్కన ఇంకొకరు ఉండేలా చూడడమే మేలని నా అభిప్రాయం. పక్కన ఎవరూ లేకపోతే ఆ ఊళ్ళో ఉన్న బంధువునో స్నేహితుణ్ణో ముందు ఆయన దగ్గరకు పంపి, ఆ తరువాత మాట్లాడవచ్చు.

17.5 చేరిన రోజే మొదలయ్యే పని

కబురు సరిగా చేరడం, చేరకపోవడం చాలావరకు ఆ పెద్దవారు ఆశ్రమంలో చేరిన రోజే తేలిపోతుంది. ఆ రోజు ఒక కాగితం నింపుతారు. అందులో ఒక ఫోను నంబరు రాసి ఊరుకొంటే చాలదు. తెలియని నంబరు నుంచి వచ్చే ఫోను ఈ రోజుల్లో చాలామంది ఎత్తరు. కనీసం మూడు నంబర్లు ఉండాలి. అందులో ఒకటి ఆ ఊళ్ళోనే ఉన్నవారిది కావాలి. ఆశ్రమం నంబరును వారి ఫోనులో అప్పుడే పేరుతో సహా దాచుకోమనాలి. రాత్రివేళ ఫోను చేయవచ్చునా, మొదట ఎవరికి చెప్పాలి, ఏ భాషలో మాట్లాడాలి అన్నవి కూడా అడగాలి. రాయ్‌పూర్‌లో పెరిగిన మనవడికి తెలుగు మాట్లాడడం వచ్చినా చదవడం రాకపోవచ్చు. అటువంటివారికి తెలుగు ఉత్తరం పంపితే ఏమి లాభం?

డబ్బు కట్టేవారికే మొదట చెప్పాలని లేదు. బ్యాంకు నామినీకే చెప్పాలని కూడా లేదు. భార్యగాని భర్తగాని అదే ఆశ్రమంలో ఉంటే, మొదటి మాట వారికి, ఎదురుగా కూర్చొని చెప్పాలి. తన భర్త పోయిన సంగతి ఒక భార్యకు కొడుకు ఫోను ద్వారా తెలియకూడదు.

పేర్ల విషయంలో రాయ్‌పూర్ తెలుగువారికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. అక్కడి ఫారాలలో "ఉపనామ్" చివర అడుగుతారు. దాంతో పేరు చివర ఉన్న "రావు" ఇంటిపేరు అయిపోతుంది. ఇరుగుపొరుగు అందరికీ ఆయన "రావుజీ". ఒక ఆశ్రమంలో నలుగురు తెలుగు పెద్దమనుషులు ఉంటే ముగ్గురు రావులు కావచ్చు. రాత్రి డ్యూటీలో ఉన్న కుర్రాడు కంగారులో ఒక రావుగారి బదులు ఇంకొక రావుగారి ఇంటికి ఫోను చేస్తే ఏమవుతుందో ఊహించండి. అందుకే ఫోను ఎత్తే ముందు ఇంటిపేరు, పేరు, తండ్రి లేక భర్త పేరు, సొంత ఊరు, ఈ నాలుగూ కాగితంలో వేలు పెట్టి చూసుకోవాలి. ఇదే పేరు మరణ ధ్రువపత్రంలోకి ఎక్కుతుంది. ఆధార్ కార్డులో, పింఛను కాగితాలలో ఒక విధంగా, ధ్రువపత్రంలో ఇంకొక విధంగా ఉంటే కుటుంబ పింఛను కోసం ఆ ఇల్లాలు ఆఫీసుల చుట్టూ తిరగవలసి వస్తుంది.

పాఠగత ప్రశ్నలు – 2
(అ) ఫోను చేయకముందు సరిచూసుకోవలసిన నాలుగు వివరాలు ఏవి?
(ఆ) "సీరియస్" అని మాత్రమే చెప్పడం వల్ల కుటుంబం ఏ నిర్ణయాలు తీసుకోలేదు? రెండు చెప్పండి.

17.6 ఫోనులో సంభాషణ

ఈ కింది సంభాషణను పైకి చదవండి. వీలైతే ఇంకొకరితో కలిసి చదవండి. రాయ్‌పూర్‌లోని ఒక ఆశ్రమంలో రాత్రి డ్యూటీ చేస్తున్న ఆయమ్మ, విశాఖలో ఉన్న కొడుకుతో మాట్లాడుతున్నదని అనుకొందాం.

ఆయమ్మ : హలో, ...గారబ్బాయేనా అండీ మాట్లాడేది?
కొడుకు : అవునండీ. ఎవరు?
ఆయమ్మ : నేను రాయ్‌పూర్ ఆశ్రమం నుంచి, అమ్మగారి గదిలో రాత్రిపూట చూసుకొనే ఆయానండీ. మీరు ఇంట్లోనే ఉన్నారా? బండి మీద లేరు కదా?
కొడుకు : ఇంట్లోనే. ఏమైంది? అమ్మకి బాగులేదా?
ఆయమ్మ : పక్కన ఎవరైనా ఉన్నారా బాబూ? కాస్త కూర్చోండి.
కొడుకు : మా ఆవిడ ఉంది. చెప్పండి.
ఆయమ్మ : కబురు మంచిది కాదండీ. మీ అమ్మగారు ఈ తెల్లవారుజామున నాలుగు గంటల పది నిమిషాలకు చనిపోయారు. డాక్టరుగారు వచ్చి చూశారు.
(కొడుకు మాట్లాడడు. ఆయమ్మ కూడా మాట్లాడదు. ఫోను పెట్టేయదు.)
కొడుకు : ... నిన్న సాయంత్రం బాగానే మాట్లాడింది కదా.
ఆయమ్మ : అవునండీ, బాగానే ఉన్నారు. మూడున్నరకి ఆయాసం వచ్చింది. వెంటనే డాక్టరుగారికి ఫోను చేశాం. ఆయన వచ్చేసరికే ఊపిరి ఆగిపోయింది. నేను పక్కనే ఉన్నాను.
కొడుకు : నా గురించి ఏమైనా అడిగిందా?
ఆయమ్మ : రాత్రి పడుకొనేముందు మీ పాప పరీక్షలు ఎప్పుడో అన్నారు. ఆయాసం వచ్చాక మాట్లాడలేకపోయారు.
కొడుకు : నేను వచ్చేదాకా ఉంచుతారా?
ఆయమ్మ : ఉంచుతాం. మీ మాట లేకుండా ఇక్కడ ఏమీ జరగదు. ఎప్పటికి రాగలరో కాస్త ఆగి చెప్పండి. అరగంటలో నేనే మళ్ళీ చేస్తాను.

ఇప్పుడు కొన్ని విషయాలు గమనించండి. ఆయమ్మ మొదట తానెవరో చెప్పింది. అవతలి మనిషి బండి నడుపుతున్నాడేమో అడిగింది. "కబురు మంచిది కాదు" అని ఒక్క అడుగు ముందు వేసి, వినేవారు గుండె చిక్కబట్టుకోవడానికి ఒక క్షణం ఇచ్చింది. ఆ తరువాత నసగలేదు. కెనడాలో పనిచేసిన డాక్టర్ రాబర్ట్ బక్‌మన్ దుర్వార్త చెప్పడం గురించి 1992లో ఒక పుస్తకమే రాశారు. వైద్యులకు నేర్పే పద్ధతులలో ఈ ముందస్తు హెచ్చరిక ఒకటి. మన ఊళ్ళలో పెద్దవారు "అమ్మా, మనసు గట్టి చేసుకో" అని మొదలు పెట్టేది కూడా ఇందుకే.

"నా గురించి అడిగిందా" అన్న ప్రశ్న దగ్గర ఆగండి. ఈ ప్రశ్న దాదాపు ప్రతివారూ అడుగుతారు. "ఆఖరి క్షణంలో మీ పేరే తలిచారు" అని చెప్పేయాలనిపిస్తుంది. చెప్పవద్దు. రేపు డాక్టరు ఇంకొక మాట చెబుతారు, పక్క మంచం అవ్వ మరొకటి చెబుతుంది. ఒక్క మాట అబద్ధమని తేలితే మిగిలినవన్నీ అనుమానమే అవుతాయి. నిజంగా జరిగిన చిన్న సంగతి ఒకటి వెదికి చెప్పండి. పాప పరీక్షల మాట చూడండి, ఆ కొడుకు దానిని ఎన్నేళ్ళయినా దాచుకొంటాడు. అటువంటిదేదీ లేకపోతే "నిద్రలోనే పోయారండీ, నేను చూసేసరికి ఊపిరి లేదు" అనడమే గౌరవం.

తెల్లవారుజామున ఫోను చేయాలా, ఆరు గంటల దాకా ఆగాలా? వెంటనే చేయండి. ఎప్పుడు పోయారని వారు తప్పక అడుగుతారు, ఆ గంటను మీ ఫోను వచ్చిన గంటతో పోల్చుకొంటారు. అయితే డాక్టరు చూసి నిర్ధారించనిదే చనిపోయారని మాత్రం అనవద్దు. "ఊపిరి ఆడడం లేదు, డాక్టరుగారు వస్తున్నారు" అనండి. ఫోను చిన్నపిల్లలు ఎత్తితే పెద్దవారిని పిలవమనండి. వాట్సాప్ సమూహంలో ఫోటోతో నివాళి పెట్టడం కుటుంబానికి తెలిశాకే. సొంత అక్క చావు ఫోను తెరమీద పూలదండతో చూసి తెలుసుకోవడం ఎవరికీ రాకూడదు.

2021 ఏప్రిల్‌లో కోవిడ్ రెండవ విజృంభణ రాయ్‌పూర్‌ను తీవ్రంగా తాకింది. డాక్టర్ అంబేద్కర్ స్మారక ఆసుపత్రి శవాగారంలో చోటు చాలని దృశ్యాలు దేశమంతా చూసింది. దగ్గరకు వెళ్ళే వీలులేని ఆ రోజులలో ఎన్నో కుటుంబాలకు ఫోనులో వినబడిన ఒక అపరిచిత గొంతే తమవారి ఆఖరి సంగతి. ఆ గొంతు ఏమన్నదో వారికి ఈనాటికీ గుర్తు ఉంటుంది.

17.7 ఏ మాట వాడాలి?

తెలుగులో చావును చెప్పడానికి ఎన్నో మర్యాద మాటలు ఉన్నాయి. కాలం చేశారు, కన్నుమూశారు, తుదిశ్వాస విడిచారు, పరమపదించారు, శివైక్యం చెందారు. క్రైస్తవులు ప్రభువునందు నిద్రించారు అంటారు. ఇవన్నీ అందమైన మాటలే, అచ్చులోనూ సంతాపసభలోనూ చక్కగా ఉంటాయి. ఫోనులో మాత్రం చిక్కు తెస్తాయి. గరగర శబ్దం మధ్య "అమ్మగారు పోయారండీ" అంటే "ఎక్కడికి పోయింది?" అని అడిగినవారున్నారు. "ఇక లేరు" అంటే "గదిలో లేదా?" అనిపించవచ్చు. హిందీలో "నహీఁ రహీఁ" అన్నా ఇదే తంటా. ఒక్కసారి "చనిపోయారు" అని స్పష్టంగా చెప్పి, ఆ తరువాత మీకు నచ్చిన మర్యాద మాట వాడండి. పరమపదించారు, శివైక్యం వంటివి ఆ కుటుంబం సంప్రదాయం తెలిస్తేనే వాడాలి.

వాడకూడని మాట ఒకటి ఉంది. నిన్నటిదాకా "అమ్మగారు" అని పిలిచిన మనిషిని తెల్లారేసరికి "బాడీ" అంటారు. "బాడీ ఎప్పుడు తీసుకెళ్తారు?" అని కొడుకును అడుగుతారు. "అమ్మగారిని ఎప్పుడు తీసుకువెళతారు?" అంటే ఏమి ఖర్చవుతుంది? "నాలుగో నంబరు మంచం ఖాళీ అయింది" అన్నది కూడా ఇటువంటి మాటే. ఆ గదిలో ఉన్న మిగతా ముసలివారు అది వింటూ ఉంటారు. వారికి కూడా కబురు చెప్పాలి, పక్కన కూర్చొని, పేరుతో.

17.8 ఆ తరువాత రాతపని

ఫోనులో చెప్పినదంతా వినేవారికి గుర్తుండదు. అందుకే అదే రోజు ఒక చిన్న ఉత్తరం ఇవ్వాలి. నమూనా చూడండి.

"శ్రీ ...గారికి, నమస్కారం. మీ తల్లి శ్రీమతి ...గారు ...తేదీ ఉదయం 4 గంటల 10 నిమిషాలకు మా ఆశ్రమంలో చనిపోయారని విచారంతో తెలియజేస్తున్నాం. డాక్టరు ...గారు పరీక్షించి నిర్ధారించారు. మీరు వచ్చేవరకు ఆమెను ...లో ఉంచాం. ఆమె వస్తువుల జాబితా ఈ ఉత్తరంతో జతపరిచాం. మరణ నమోదుకు వివరాలు మేము పంపుతాం. పేరు, ఇంటిపేరు, వయస్సు మీరు ఒకసారి సరిచూసి సంతకం చేయగోరుతాం."

జారిపడడం, కాలిన గాయం, విషం వంటి అసహజ కారణం ఏదైనా ఉందన్న అనుమానం ఉంటే పోలీసులకు తెలియజేయాలి. అప్పుడు విచారణ భారతీయ నాగరిక సురక్షా సంహిత 194వ సెక్షను ప్రకారం జరుగుతుంది. 2024 జూలై 1కి ముందు ఇది పాత నేర ప్రక్రియా స్మృతి 174వ సెక్షనులో ఉండేది. పోస్టుమార్టం జరిగే అవకాశం ఉంటే ఆ సంగతి కూడా కుటుంబానికి ఫోనులోనే చెప్పండి, వచ్చాక తెలిస్తే ఇంకా కష్టం.

పాఠాంత ప్రశ్నలు

1. మీ ఇంట్లోగాని వీధిలోగాని తంతి అందుకొన్న పెద్దవారు ఉంటే వారిని అడిగి, ఆ రోజు ఏమి జరిగిందో పది వాక్యాలలో రాయండి.
2. 17.6లోని సంభాషణలో ఫోను ఎత్తినది కోడలు అనుకొని తిరిగి రాయండి. కొడుకు బండి మీద డ్యూటీకి వెళ్ళాడు. ఆయమ్మ ఆమెతో ఏమంటుంది?
3. ఆశ్రమంలో చేరేవారి కోసం ఒక పేజీ వివరాల పత్రం తయారు చేయండి. దానిని మీ ఇంటి పెద్దవారి వివరాలతో నింపి, వారికి చదివి వినిపించండి.

పాఠగత ప్రశ్నలకు జవాబులు

1. (అ) ధర్మశాల ఎవరి ఆధీనంలో ఉందో వారు. (ఆ) ఆలస్య రుసుము.
2. (అ) ఇంటిపేరు, పేరు, తండ్రి లేక భర్త పేరు, సొంత ఊరు. (ఆ) నేత్రదానానికి అనుమతి. అంత్యక్రియలకు ఎదురుచూడాలా వద్దా అన్నది. తోబుట్టువులు ఎవరెవరు బయలుదేరాలన్నది రాసినా సరైనదే.